పని ప్రమాదాలు - నష్టపరిహారం (శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు)

పని ప్రమాద నష్టపరిహారం అనగా ఉద్యోగి పనిలో ఉండగా, ఆ పని కారణంగా కలిగిన గాయానికి, అంగవైకల్యానికి, వృత్తి వ్యాధికి లేదా మరణానికి యజమాని చట్టప్రకారం చెల్లించవలసిన సొమ్ము. ఇది యజమాని దయతో ఇచ్చే సహాయం కాదు, కార్మికుని హక్కు. భారతదేశంలో ఈ హక్కు 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంతో ఏర్పడినది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020 అమలులోకి వచ్చినది. అంతకు ముందు జరిగిన ప్రమాదాలకు సంబంధించిన హక్కులు పాత చట్టాన్ని అనుసరించి నిర్ణయమవుతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోని కార్మికులకు, ఇక్కడి నుండి వలస వెళ్ళే కూలీలకు ఈ హక్కు ఎలా వర్తిస్తుందో ఈ వ్యాసంలో వివరించబడినది.

## చరిత్ర

కార్మికుల నష్టపరిహార చట్టం 1924 జూలై 1న అమలులోకి వచ్చినది. అప్పటికి ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని గంజాం, విశాఖపట్నం జిల్లాలలో భాగం. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడినవి. ఈ చట్టానికి పూర్వం గాయపడిన కూలీ, యజమాని నిర్లక్ష్యం వలననే ప్రమాదం జరిగినదని న్యాయస్థానంలో నిరూపించవలసి వచ్చేది. చదువు, ధనం లేని కూలీకి అది దాదాపు అసాధ్యం. 1923 చట్టం ఈ భారాన్ని తొలగించినది.

కార్మికోద్యమ నాయకుడు, తరువాత భారత రాష్ట్రపతి అయిన వి.వి.గిరికి ఈ ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉన్నది. బరంపురంలో జన్మించిన ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసినారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయినారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, 1954 వరకు కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసినారు.

1923 చట్టానికి అనేక సవరణలు జరిగినవి. 2000 సవరణతో రోజు కూలీలు, అప్పుడప్పుడు మాత్రమే పనికి పిలవబడేవారు కూడా దీని పరిధిలోకి వచ్చినారు. 2009 సవరణతో చట్టం పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారినది. ఈ సవరణ 2010 జనవరి 18 నుండి అమలైనది.

## ఈ ప్రాంతంలోని పనులు, ప్రమాదాలు

రెండు జిల్లాలలో ప్రధానమైనది వ్యవసాయమే అయినా, ప్రమాదానికి అవకాశమున్న పనులు అనేకం కలవు.

* కర్మాగారాలు: రణస్థలం మండలం పైడిభీమవరంలో ఔషధ, రసాయన పరిశ్రమలు ఉన్నవి. విషవాయువులు, మంటలు, రియాక్టరు పేలుళ్ళు ఇక్కడి పనిలో ముఖ్యమైన ప్రమాదాలు. బొబ్బిలి పారిశ్రామిక వాడ, గరివిడి ప్రాంతాలలోని ఫెర్రో ఎల్లాయ్ కొలిమిలలో కరిగిన లోహంతో పని ఉంటుంది.
* జనపనార మిల్లులు: నెల్లిమర్ల, రాజాం వంటి చోట్ల జనపనార పరిశ్రమ వేళ్ళూనుకున్నది. నారను మెత్తబరచి, పేడే యంత్రాల రోలర్లలో చేతులు నలగడం ఈ పనిలో కలిగే ప్రమాదం.
* జీడిపప్పు పరిశ్రమ: పలాస-కాశీబుగ్గలో పిక్కలు కొట్టి పప్పు తీసే పనిలో ఎక్కువగా స్త్రీలే ఉంటారు. పెంకులోని ఘాటైన నూనె తగిలి చేతుల చర్మం కాలుతుంది.
* గనులు, క్వారీలు: చీపురుపల్లి, గరివిడి పరిసరాలలో మాంగనీసు గనులు, టెక్కలి పరిసరాలలో గ్రానైటు క్వారీలు ఉన్నవి. రాళ్ళు జారిపడటం, పేలుడు పదార్థాలు, ధూళి ఇక్కడి ముప్పులు.
* గీత పని, యంత్ర సేద్యం: తాటిచెట్లు గీసేవారు, ట్రాక్టరు వంటి యంత్రాలతో సాగు పనులు చేసే కూలీలు కూడా 1923 చట్టం పట్టికలో పేర్కొనబడినారు. అయితే తన చెట్టును తానే గీసుకునే వ్యక్తికి యజమాని అంటూ ఉండడు కనుక అతనికి ఈ పరిహారం వర్తించదు.

## తప్పు ఎవరిది?

ఈ చట్టంలోని మూల సూత్రం సరళమైనది. పని వలన, పని సమయంలో ప్రమాదం జరిగినదని తేలితే చాలు, యజమాని బాధ్యుడవుతాడు. యజమాని తప్పు చేసినాడని కార్మికుడు నిరూపించనవసరం లేదు. కార్మికుడు ఏమరుపాటుగా ఉన్నాడన్న కారణంతో పరిహారాన్ని నిరాకరించడానికి వీలులేదు.

దీనికి మూడు మినహాయింపులు ఉన్నవి. ప్రమాద సమయంలో కార్మికుడు మద్యం లేదా మత్తుపదార్థాల ప్రభావంలో ఉండటం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆజ్ఞను కావాలని ఉల్లంఘించడం, రక్షణ కవచాన్ని తెలిసి తొలగించడం - వీటివలన ప్రమాదం జరిగితే యజమానికి బాధ్యత ఉండదు. కానీ మరణం లేదా శాశ్వత పూర్తి అంగవైకల్యం సంభవించినపుడు ఈ మినహాయింపులు కూడా పనిచేయవు. ఈ సంగతి తెలియక, "తాగి ఉన్నాడు" అన్న ఒక్క మాటతో వెనుదిరిగే కుటుంబాలు నష్టపోతాయి.

గుత్తేదారు లేదా మేస్త్రీ ద్వారా పనిలో చేరినవారికి కూడా ఈ హక్కు ఉన్నది. పని అసలు యజమాని వ్యాపారంలో భాగమై, అతని ఆధీనంలోని స్థలంలో జరుగుతుంటే కార్మికుడు నేరుగా అసలు యజమాని నుండే పరిహారం కోరవచ్చును. ఆ సొమ్మును గుత్తేదారు నుండి రాబట్టుకోవడం అసలు యజమాని పని.

ఇంటి నుండి పనికి వెళ్ళేటపుడు, పని ముగించి తిరిగి వచ్చేటపుడు జరిగిన ప్రమాదాలపై చాలాకాలం వివాదాలు నడిచినవి. మహారాష్ట్రలోని ఒక చక్కెర కర్మాగారపు కాపలాదారు పనికి వెళుతూ మరణించిన కేసులో, ప్రమాదం జరిగిన సమయానికి, స్థలానికి, ఉద్యోగానికి సంబంధం ఉంటే పరిహారం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పినది. సామాజిక భద్రతా కోడ్‌లో ఈ నియమం స్పష్టంగా చేర్చబడినది.

## జయపురం వడ్రంగి కేసు

ఈ చట్టానికి సంబంధించి దేశమంతటా న్యాయస్థానాలు ఉదహరించే ఒక తీర్పు ఉత్తరాంధ్ర పొరుగునే పుట్టినది. విజయనగరం నుండి సాలూరు ఘాట్ రోడ్డు మీదుగా వెళితే వచ్చే ఒడిషాలోని జయపురం, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలోనిదే. అక్కడ ఒక సినిమా హాలులో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి 1968 జూలై 6న పైనుండి కిందపడినాడు. అతని ఎడమ చేతిని మోచేతి దగ్గర తొలగించవలసి వచ్చినది.

అతను తన వద్ద ఉద్యోగి కాదని, పనిని గుత్తకు తీసుకున్నవాడని, ప్రమాదానికి అతని నిర్లక్ష్యమే కారణమని యజమాని వాదించినాడు. కమిషనరు ఈ వాదనను అంగీకరించలేదు. పరిహారం 9,800 రూపాయలుగా నిర్ణయించి, సకాలంలో చెల్లించనందుకు 50 శాతం జరిమానా, వడ్డీ కూడా విధించినారు. వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. 1975 డిసెంబరులో నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం యజమాని అప్పీలును కొట్టివేసినది. ఈ తీర్పు నుండి రెండు సూత్రాలు స్థిరపడినవి.

1. సంపాదన శక్తియే కొలత. మోచేతి దగ్గర ఒక చేయి పోవడం పట్టిక ప్రకారం పూర్తి వైకల్యం కాదు. కానీ వడ్రంగి ఒంటిచేత్తో తన పని చేయలేడు. కనుక అతని విషయంలో అది నూరు శాతం నష్టమే.
2. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుండే బాకీ. కమిషనరు లెక్క తేల్చేవరకు ఆగుతానని యజమాని అనరాదు. ఆలస్యమైతే వడ్డీ, జరిమానా ఆ రోజు నుండే వర్తిస్తాయి.

## పరిహారం లెక్కించే విధానం

పరిహారం మూడు అంశాలపై ఆధారపడుతుంది: నెల జీతం, ప్రమాదం నాటి వయస్సు, నష్టం తీవ్రత. వయస్సును బట్టి చట్టం ఒక గుణకాన్ని నిర్ణయించినది. వయస్సు పెరిగినకొద్దీ గుణకం తగ్గుతుంది. కొన్ని వయస్సులకు గుణకాలు ఇవి:

* 20 సంవత్సరాలు - 224.00
* 30 సంవత్సరాలు - 207.98
* 40 సంవత్సరాలు - 184.17
* 50 సంవత్సరాలు - 153.09
* 60 సంవత్సరాలు - 117.41

మరణం సంభవిస్తే నెల జీతంలో 50 శాతాన్ని, శాశ్వత పూర్తి వైకల్యం కలిగితే 60 శాతాన్ని ఈ గుణకంతో హెచ్చించాలి. కొత్త కోడ్‌లోనూ ఇదే పద్ధతి కొనసాగినది. పాత చట్టం కింద ఈ లెక్కకు తీసుకునే గరిష్ఠ నెల జీతం 2010 మే 31 నుండి 8,000 రూపాయలు, 2020 జనవరి 3 నుండి 15,000 రూపాయలు. జీతం అంతకంటే ఎక్కువ ఉన్నా ఆ పరిమితి వరకే లెక్కిస్తారు.

ఉదాహరణ: నెలకు 12,000 రూపాయలు సంపాదించే 30 సంవత్సరాల కార్మికుడు పనిలో మరణించినాడనుకుందాం. జీతంలో సగం 6,000. దానిని 207.98తో హెచ్చించగా 12,47,880 రూపాయలు వస్తుంది. అదే కార్మికునికి శాశ్వత పూర్తి వైకల్యం కలిగితే 7,200ను 207.98తో హెచ్చించగా 14,97,456 రూపాయలు.

పాక్షిక వైకల్యానికి పట్టికలో శాతాలు ఇవ్వబడినవి. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, ఒక చేతి నాలుగు వేళ్ళు పోతే 50 శాతం, రెండవ కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40 శాతం సంపాదన నష్టంగా పరిగణిస్తారు. పై ఉదాహరణలోని కార్మికుడు బొటనవేలు కోల్పోతే 14,97,456లో 30 శాతం, అనగా సుమారు 4,49,237 రూపాయలు రావాలి. పట్టికలో లేని గాయమైతే సంపాదన శక్తి ఎంత తగ్గినదో అర్హత గల వైద్యుడు అంచనా వేయాలి.

తాత్కాలికంగా పనికి వెళ్ళలేని స్థితిలో ప్రతి అర్ధమాసానికి నెల జీతంలో 25 శాతం చొప్పున, గరిష్ఠంగా అయిదు సంవత్సరాల వరకు చెల్లించాలి. నెలకు 12,000 రూపాయల జీతమైతే ఇది పదిహేను రోజులకు 3,000 రూపాయలు. చికిత్సకు అయిన ఖర్చు యజమాని వేరుగా భరించాలి. దానిని పరిహారం నుండి తగ్గించరాదు.

## వృత్తి వ్యాధులు

ప్రమాదం అంటే ఒక్క క్షణంలో జరిగేదే కానక్కరలేదు. పని వలన నెమ్మదిగా వచ్చే కొన్ని వ్యాధులను కూడా చట్టం ప్రమాదంతో సమానంగా చూస్తుంది. మాంగనీసు విషప్రభావం ఈ జాబితాలో ఉన్నది. ఇది నాడీమండలాన్ని దెబ్బతీసి, నడకలో తడబాటు, వణుకు కలిగిస్తుంది. రాతి ధూళి వలన ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్, రసాయనాల వలన వచ్చే చర్మవ్యాధులు కూడా జాబితాలో ఉన్నవి. మాంగనీసు, చర్మవ్యాధుల విషయంలో ఒకే యజమాని వద్ద ఆరు నెలలకు తక్కువ కాకుండా నిరంతరంగా పనిచేసి ఉంటే, వేరని రుజువు కానంతవరకు ఆ వ్యాధి పని వలననే వచ్చినదని భావిస్తారు.

ఈ కేసులలో కష్టమంతా నిరూపణలోనే ఉన్నది. సిలికోసిస్‌ను క్షయగా పొరబడే అవకాశం ఎక్కువ. కనుక క్వారీలో పనిచేసిన వ్యక్తి వైద్యునికి తన పని వివరాలు చెప్పి, వాటిని చీటీలో వ్రాయించుకోవడం ముఖ్యం.

## ఈ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికులు

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలలో, నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందేవారికి ఉద్యోగుల రాజ్య బీమా (ఈ.ఎస్.ఐ.) వర్తిస్తుంది. ఈ వేతన పరిమితి 2017 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. 2019 జూలై నుండి వేతనంలో 3.25 శాతం యజమాని, 0.75 శాతం ఉద్యోగి చెల్లిస్తున్నారు.

ఈ.ఎస్.ఐ. ఉన్న కార్మికుడు యజమాని నుండి వేరుగా పై పరిహారం కోరరాదు. దానికి బదులు బీమా సంస్థ నుండి ఉచిత వైద్యం, పనికి వెళ్ళలేని కాలంలో వేతనంలో సుమారు 90 శాతం, శాశ్వత వైకల్యానికి నష్టాన్ని బట్టి నెలనెలా సొమ్ము పొందుతాడు. మరణిస్తే కుటుంబానికి ఆశ్రితుల పింఛను వస్తుంది. ఒకేసారి పెద్ద మొత్తం రాకపోయినా, భార్యకు జీవితాంతం లేదా పునర్వివాహం వరకు నెలనెలా ఆదాయం ఉంటుంది. జీతం నుండి ఈ.ఎస్.ఐ. కోత జరుగుతున్నదా, తన పేరున బీమా సంఖ్య ఉన్నదా అన్నది ప్రతి ఉద్యోగి ముందే చూసుకోవలసిన విషయం.

## వలస కార్మికులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి భవన నిర్మాణ పనులకు హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు నగరాలకు, చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వంటి రేవులకు వేలాదిమంది వెళుతుంటారు. అక్కడ ప్రమాదం జరిగితే గాయపడినవారిని, లేదా మృతదేహాన్ని స్వగ్రామానికి చేర్చడంతో విషయం ముగిసినట్లు కుటుంబాలు భావిస్తాయి. దూరదేశంలో భాష తెలియని కార్యాలయాల చుట్టూ తిరగలేమన్న భయమే దీనికి ముఖ్య కారణం.

చట్టం ఈ భయానికి సమాధానం ఇచ్చినది. పరిహారం కోసం మూడు చోట్ల దరఖాస్తు చేయవచ్చును: ప్రమాదం జరిగిన చోట, యజమాని సంస్థ నమోదిత కార్యాలయం ఉన్న చోట, లేదా కార్మికుడు గాని, మరణించినవాని ఆశ్రితులు గాని సాధారణంగా నివసించే చోట. అనగా చెన్నైలో కట్టడం పైనుండి పడి మరణించిన సోంపేట కూలీ భార్య శ్రీకాకుళంలోనే దరఖాస్తు దాఖలు చేయవచ్చును. స్థానిక అధికారి ప్రమాదం జరిగిన ప్రాంతపు అధికారికి తెలియజేసి విచారణ సాగిస్తారు.

## దరఖాస్తు పద్ధతి

ఆంధ్రప్రదేశ్‌లో కార్మిక శాఖకు చెందిన సహాయ, ఉప కార్మిక కమిషనర్లు నష్టపరిహార కమిషనర్లుగా ఈ కేసులు విచారిస్తూ వచ్చినారు. కొత్త కోడ్ ఈ పదవిని సమర్థ అధికారి అని పేర్కొన్నది. ప్రమాదం లేదా మరణం జరిగిన నాటి నుండి రెండు సంవత్సరాలలోగా దరఖాస్తు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉన్నది.

సాధారణంగా అవసరమయ్యే ఆధారాలు:

* ప్రమాదం గురించి యజమానికి ఇచ్చిన నోటీసు ప్రతి
* పోలీసు కేసు అయితే ఎఫ్.ఐ.ఆర్., మరణమైతే పంచనామా, శవపరీక్ష నివేదిక
* ఆసుపత్రి చీటీలు, గాయాల ధృవపత్రం, వైకల్య ధృవపత్రం
* జీతం రుజువు: వేతన చీటీ, బ్యాంకు ఖాతా పుస్తకం, హాజరు పట్టీ
* వయస్సు రుజువు, ఆశ్రితుల వివరాలు
* తోటి కార్మికుల సాక్ష్యం

చేతికి జీతం తీసుకునే కూలీ వద్ద చీటీలు ఉండవు. అటువంటపుడు తోటి కూలీల సాక్ష్యం, మేస్త్రీతో జరిగిన ఫోను సంభాషణలు, పని స్థలంలోని ఫోటోలు ఉపయోగపడతాయి. జీతం రుజువు కానపుడు కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకోవడం పరిపాటి.

ఒక నెలలోగా యజమాని పరిహారం చెల్లించకపోతే వడ్డీ వస్తుంది. 1923 చట్టం కింద ఇది సంవత్సరానికి 12 శాతం. తగిన కారణం లేని ఆలస్యానికి పరిహారంలో 50 శాతం వరకు అదనంగా విధించవచ్చును. తీర్పుపై హైకోర్టుకు అప్పీలు చేయవచ్చును గాని, యజమాని ముందుగా పరిహారపు సొమ్మును డిపాజిట్ చేయాలి.

న్యాయవాదిని పెట్టుకునే శక్తి లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చును. 1987 చట్టం ప్రకారం స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. దీనికి సహాయ ఫోను సంఖ్య 15100.

## రాజీ కాగితాలు

ప్రమాదం జరిగిన వెంటనే కొంత సొమ్ము చేతిలో పెట్టి, "ఇక ఎటువంటి క్లెయిము లేదు" అని వ్రాసిన కాగితంపై వేలిముద్ర తీసుకోవడం నిర్మాణ రంగంలో తరచుగా కనబడుతుంది. పరిహార హక్కును వదులుకునే ఇటువంటి ఒప్పందం చట్టరీత్యా చెల్లదు. మరణ పరిహారాన్ని యజమాని అధికారి వద్దనే డిపాజిట్ చేయాలి. ఆశ్రితుల మధ్య పంపకం అధికారి చేస్తారు. దీనివలన సొమ్ము మధ్యవర్తుల చేతిలో పడకుండా భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు చేరుతుంది. కనుక ఇదివరకే కాగితంపై సంతకం చేసినవారు కూడా గడువులోగా దరఖాస్తు చేయవచ్చును.

## ఇతర మార్గాలు

* ఎక్స్‌గ్రేషియా: పెద్ద ప్రమాదాలలో ప్రభుత్వం ప్రకటించే సహాయం ఇది. పొరుగున అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది మరణించినపుడు, ఒక్కొక్క కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించబడినది. ఒక్కరే మరణించిన ప్రమాదానికి అటువంటి ప్రకటన రాకపోవచ్చు. చట్టప్రకార పరిహారం మాత్రం మృతుల సంఖ్యపై ఆధారపడదు.
* వాహన ప్రమాదాలు: లారీ డ్రైవరు, క్లీనరు వంటివారు మోటారు వాహన ప్రమాదాల ట్రిబ్యునలుకు గాని, కార్మిక శాఖ అధికారికి గాని దరఖాస్తు చేయవచ్చును. రెండింటిలో ఒకటి మాత్రమే ఎంచుకోవాలి.
* భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి: సభ్యులుగా నమోదైనవారు మండలి పథకాలకు అర్హులు.
* ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన: 18 నుండి 70 సంవత్సరాల వయస్సువారు బ్యాంకు ఖాతా ద్వారా ఏటా 20 రూపాయలు చెల్లిస్తే, ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయల బీమా ఉంటుంది. యజమాని చెల్లించే పరిహారంతో దీనికి సంబంధం లేదు. రెండూ పొందవచ్చును.
* నేర బాధ్యత: భద్రతా విధులను యజమాని పాటించనందువలన మరణం సంభవిస్తే, వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్, 2020 ప్రకారం రెండు సంవత్సరాల వరకు జైలుశిక్ష లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా లేదా రెండూ విధించవచ్చును. ఆ జరిమానాలో కనీసం సగాన్ని బాధితునికి లేదా వారసులకు ఇప్పించే అధికారం న్యాయస్థానానికి ఉన్నది.

## ఇవి కూడా చూడండి

* వి.వి.గిరి
* ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ
* పైడిభీమవరం
* నెల్లిమర్ల
* సిలికోసిస్